ఆ పొడి నా సీసాలో లేదు

వార్సిని ముఖం గుండ్రబడ్డప్పుడు వీధి ఆడవాళ్ళు మొదట మెచ్చుకున్నారు. మీ ఆయన రిక్షా బాగానే తొక్కుతున్నట్టున్నాడు యూ, బుగ్గలొచ్చాయి అని ఏడిపించారు. యూ అంటే అక్క. జావా దీవిలోని సోలో ఊళ్ళో జమూ కషాయాలు అమ్ముకొచ్చే ఆడమనిషి ఎవరైనా సరే, అందరికీ యూ.

తరువాత ఆ బుగ్గలు కందిపోయినట్టు ఎర్రబడ్డాయి. మెడ వెనక ఎద్దు మూపురంలా కండ లేచింది. పొట్ట ముందుకొచ్చి దానిమీద ఊదారంగు చారలు పాకాయి. కాళ్ళూ చేతులూ మాత్రం చీపురుపుల్లల్లా మిగిలాయి. అప్పటికి నవ్వులు ఆగిపోయి గుసగుసలు మొదలయ్యాయి.

ఆ గుసగుసలకు జావాలో అర్థం ఒక్కటే. ఒళ్ళునొప్పులు ఒక్క గుక్కతో పోగొడతామని కొందరు జమూలో స్టెరాయిడ్ పొడి కలిపి అమ్ముతారు. తాగినవాడికి నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది, ఆకలి పుడుతుంది, మళ్ళీ మళ్ళీ అదే సీసా కావాలంటాడు. కొన్నాళ్ళకు ముఖం పున్నమి చంద్రుడిలా ఉబ్బుతుంది. అందుకే అక్కడ ఉబ్బిన ముఖం చూస్తే ఏం జబ్బని ఎవరూ అడగరు, ఎవరి దగ్గర తాగావని అడుగుతారు. జమూ అమ్మే మనిషికే ఆ ముఖం వస్తే ఇంక అడగడానికి ఏముంది? దొంగ తాను కాజేసిన సొత్తునే మెళ్ళో వేసుకు తిరుగుతున్నట్టు లెక్క.

వార్సినిది సుకోహార్జో దగ్గరి పల్లె. రోటి చప్పుడుకే నిద్రలేచి పెరిగింది. పసుపు, అల్లం, కచ్చోరం దంచి, నానిన బియ్యం రుబ్బి, చింతపండు పిసికి, నేలవేము కాచి, సీసాలన్నీ వెదురుబుట్టలో సర్ది, బుట్టను వీపుకెత్తి గుడ్డతో రొమ్ముకడ్డంగా బిగించి కట్టుకుంటే ఆమెకు నడుం నిటారుగా నిలబడేది. బుట్ట లేనినాడే వంగి నడిచేది. ఆమె నొప్పుల కషాయం తాగిన రిక్షావాళ్ళకి నొప్పి వెంటనే పోయేది కాదు, తెల్లారేసరికి కాస్త తగ్గేది. "నీ మందు నత్తనడక యూ" అని వాళ్ళు వెక్కిరిస్తే, నిఖార్సైన మందు నడుస్తుందిగానీ ఎగరదు అని బదులిచ్చేది. అలాంటి మనిషి మీద ఎగిరే మందు కలిపిందన్న నింద పడింది.

నింద వేసినవాళ్ళెవరూ నోరు తెరిచి వేయలేదు. వీధిపెద్ద భార్య హార్తిని, అందరూ బూ, అంటే అమ్మగారూ అని పిలిచే ఆమె, మెత్తని మనిషి. ఆమె కోపంలో కూడా పంచదార ఉంటుంది. వీధి చివర కాపలాగుడిసె దగ్గర ఆడవాళ్ళు సాయంత్రాలు చేరి ముచ్చట్లాడుకునే చోట, బుట్ట దించబోతున్న వార్సినిని చూసి జాలిగా తలూపింది.

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోకూడదూ యూ? నీ మంచికే చెబుతున్నా."

"విశ్రాంతి ఎవరికి బూ, నాకా, నా సీసాలకా?"

హార్తిని నవ్వి తన గ్లాసు పక్కకు పెట్టుకుంది. ఆ రోజు ఎవరూ గ్లాసు చాపలేదు. వార్సిని బుట్ట దించిన బరువుతోనే తిరిగి ఎత్తుకుంది.

వీధి ఆరోగ్యకేంద్రంలో కుర్ర డాక్టరు ఆమె ముఖం చూశాడు, ఆమె వృత్తి అడిగాడు, అంతే. జమూ మానెయ్యమ్మా, తగ్గిపోతుంది అన్నాడు. ఆమె వాదించలేదు. అమ్మడం మానలేదుగానీ తాగడం మానేసింది. చిన్నప్పటినుంచీ పొద్దున్నే ఒక గ్లాసు పసుపు-చింతపండు తాగకుండా ఇల్లు కదలని మనిషి, రెండు నెలలపాటు నోట చుక్క పోయలేదు. ముఖం తగ్గకపోగా ఇంకా ఉబ్బింది. ఎక్కడ చెయ్యి తగిలినా ఒంటిమీద నల్లగా కమిలేది. కింద కూర్చుంటే తొడల్లో బలం లేక గోడ పట్టుకుని లేవాల్సివచ్చేది. బుట్టలో సీసాలు సగం తగ్గించుకుంది. ఇదంతా చూసి వీధి తేల్చుకున్నది ఏమిటంటే, బయట మానేసి ఇంట్లో చాటుగా తాగుతోందని.

మొగుడు తుకిరాన్ బెచాక్ రిక్షా తొక్కుతాడు. గొడవంటే గిట్టదు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి ఊళ్ళలో వాళ్ళున్నా, వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఇప్పటికీ పాక్నే అనీ బునే అనీ, అంటే పిల్లల తండ్రీ, పిల్లల తల్లీ అనే పిలుచుకుంటారు. ఊరంతా ఒకమాట అంటుంటే మనమొక్కళ్ళం కాదంటే ఏం లాభం బునే, కొన్నాళ్ళు ఉప్పుచేపలు అమ్ముకుందాం అన్నాడతను. ఆ మాటకు వార్సిని అన్నం వడ్డించడం ఆపి గరిటె పళ్ళెంలో పెట్టేసింది. ఆ పూట తనే వడ్డించుకోవాల్సివచ్చింది అతనికి.

సోలో పెద్దాసుపత్రిలో డాక్టర్ దర్మోజో ముసలివాడు, ఓపిక కలవాడు. ముందు రక్తం తీయించాడు, తరువాత మాట్లాడాడు. మెదడు కింద ఎముక గిన్నెలో శనగగింజంత గ్రంథి ఉంటుందనీ, పిట్యూటరీ అంటారనీ, ఒంట్లో స్టెరాయిడ్ ఎంత తయారుకావాలో ఆజ్ఞ వేసేది అదేననీ చెప్పాడు. ఆమె రక్తంలో ఆ ఆజ్ఞ ఉండాల్సినదానికి ఎన్నోరెట్లు ఉంది. గ్రంథిలో ఎక్కడో ఒక చిన్న గడ్డ పెరిగి రాత్రీపగలూ ఆజ్ఞలు పంపుతూండాలన్నాడు.

"అంటే పొడి కాదు కదా డాక్టరుగారూ?"

"కాదనే అనుకుంటున్నాను. గడ్డ కనబడనివ్వండి."

గడ్డ కనబడలేదు. పెద్ద గొట్టంలో పడుకోబెట్టి ఎమ్మారై తీశారు. రెండోసారీ తీశారు. గ్రంథి గ్రంథిలాగే ఉంది. ముక్కులోంచి వెళ్ళి గడ్డ తీసేసే సర్జన్ ఆ ఫొటోలు చూసి చేతులు కట్టుకున్నాడు. కనబడనిదాన్ని నేనెక్కడ కొయ్యను, కావాలంటే మూత్రపిండాల మీద కూర్చుని స్టెరాయిడ్ తయారుచేసే రెండు గ్రంథులూ తీసేద్దాం, ఆజ్ఞ ఎంత వచ్చినా వినేవాడుండడు అన్నాడు. ఆ పక్కనున్న శిష్యుడెవరో, అన్నీ సరేగానీ మీరు నిజంగా ఏ పొడీ వాడలేదా అమ్మా అని ఇంకోసారి అడిగాడు.

వార్సిని బల్ల పట్టుకుని లేచి నిలబడింది. నిలబడ్డానికి ఆమెకు కొంతసేపు పట్టింది. వాళ్ళంతా ఆగి చూడాల్సివచ్చింది.

"నా కళ్ళు చూడండి, రక్తం చూడండి, పొట్ట కోసి చూడండి. అడగడం మాత్రం మానండి. ఈ మాట అడిగించుకుని అడిగించుకుని నా చెవులు కూడా ఉబ్బాయి. తప్పు చేసిన గ్రంథిని వదిలేసి చేయనివాటిని కోస్తానంటే ఒప్పుకోను. దొంగ దొరకలేదని పక్కింటివాణ్ణి జైల్లో వేస్తారా?"

దర్మోజో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జకార్తాలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో ఇంకో రకం ఫొటో తీస్తారు, ఉన్న గడ్డ ఆకారాన్ని కాదు, చేస్తున్న పనిని చూపిస్తుంది, వెళ్తారా అని అడిగాడు. ఆమె ఎప్పుడు రైలుందని తుకిరాన్‌ని అడిగింది.

జకార్తా ఆసుపత్రిలో ఆ విభాగం నేలమాళిగలో ఉంది. డాక్టర్ సితోరుస్ వేరే దీవినుంచి వచ్చిన బతక్ జాతి ఆడమనిషి. ఆ జాతి మాటతీరు జావావాళ్ళ చెవికి దెబ్బలాటలా వినిపిస్తుంది. ఆమె నర్సుని మంచినీళ్ళు అడిగినా ఎవరితోనో తగువు పడ్డట్టే ఉంటుంది. తుకిరాన్ తలుపు దగ్గరే ఒదిగి నిలబడ్డాడు. ఆవిడ కాగితాలు చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"జమూ అమ్ముతావా?"

"అమ్ముతాను. మీరూ అడుగుతారా, కలిపావా అని?"

"అడక్కపోతే నేను డాక్టర్నెలా అవుతాను? కలిపావా?"

"లేదు." వార్సిని సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టింది. బియ్యం-కచ్చోరం. పొద్దున్నే చుట్టాలింట్లో నూరి తెచ్చింది. "తాగి చూడండి."

సితోరుస్ సీసా మూత తీసి వాసన చూసి మళ్ళీ మూత పెట్టింది. "ఇప్పుడు తాగితే నీ పక్షం చేరినట్టవుతుంది. ముందు ఫొటో. తరువాత చూద్దాం. నా మిషనుకి సీసాలు కనబడవమ్మా, తలకాయలే కనబడతాయి."

ఈ మాట వార్సినికి నచ్చింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి నమ్ముతున్నట్టు నటించలేదు, నమ్మనట్టూ నటించలేదు.

కిరణాలు విడిచే మందును పక్క గదిలోనే తయారుచేసి, సీసపు డబ్బాలో పెట్టి ఒకతను గబగబా తెచ్చాడు. దాని ఆయుష్షు తక్కువ, నెమ్మదిగా నడిస్తే దారిలోనే సగం చచ్చిపోతుందన్నాడు. మందు నరంలోకి ఎక్కేటప్పుడు వార్సినికి ఏమీ తెలియలేదు. వెచ్చగానో చేదుగానో ఉంటుందనుకుంది. సాయంత్రందాకా కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవద్దనీ, పసిపిల్లల్ని ఎత్తుకోవద్దనీ నర్సు చెప్పింది. అప్పుడు చీకట్లో మెరుస్తుందా అని తుకిరాన్ గుమ్మంలోంచి గొంతు తగ్గించి అడిగాడు. మెరిస్తే నీ రిక్షాకి దీపం ఖర్చు తప్పుతుందిలే అంది వార్సిని. సితోరుస్ నవ్వు నేలమాళిగంతా వినబడింది.

మందు ఒళ్ళంతా తిరిగి చేరాల్సిన చోటికి చేరేదాకా ఒంటరిగా కూర్చోబెట్టారు. తరువాత బల్లమీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ బిగించి, పెద్ద ఉంగరంలాంటి మిషనులోకి తోశారు. మిషను పెద్దగా చప్పుడు చేయలేదు. లోపల పడుకుని వార్సిని దేవుణ్ణి ఆరోగ్యం అడగలేదు. ఆ గడ్డ ఉండాలని అడిగింది. నా తలలో తప్పు చూపించు దేవుడా, నా సీసాలో వద్దు. అలా మొక్కుకునే మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ ఉండరని తెలిసి కూడా మొక్కుకుంది.

సితోరుస్ వాళ్ళిద్దర్నీ తెర ముందు కూర్చోబెట్టింది. పాత ఎమ్మారై ఫొటోమీద కొత్త ఫొటో పరిచినట్టు చూపించింది. నలుపూ బూడిదరంగుల మధ్య, తల నడిబొడ్డున, ఎడమవైపుకు కాస్త ఒరిగి, నిప్పురవ్వలాంటి చుక్క ఒకటి వెలుగుతోంది.

"పాత ఫొటోలో ఇల్లు మాత్రమే కనబడింది. ఇందులో ఆ ఇంట్లో ఏ మూల పొయ్యి వెలిగించారో కనబడుతోంది. ఎక్కువ పనిచేసేచోటికి నా మందు వెళ్ళి అంటుకుంటుంది. ఇదిగో, ఇక్కడ అంటుకుంది."

"మరి పొడి తాగితే ఇలా వెలగదా?"

"బయటినుంచి పొడి పడితే ఆ గ్రంథికి పనేముంటుంది? ముసుగు తన్ని పడుకుంటుంది. నీది పడుకోలేదు. రక్తమూ అదే చెప్పింది, ఇప్పుడు ఫొటో చోటుతో సహా చెప్పింది."

వార్సిని ఆ చుక్కను చాలాసేపు చూసింది. తల తిప్పి తుకిరాన్‌ని కూడా చూడమంది. అతను చూశాడుగానీ, తలలో గడ్డ ఉందని తేలినందుకు పెళ్ళాం ముఖంలో అంత వెలుగు ఎందుకొచ్చిందో అతనికి ఓ పట్టాన అర్థంకాలేదు. ఈలోగా సితోరుస్ బల్లమీది సీసా తీసుకుని ఎత్తి గటగటా తాగి మూతి తుడుచుకుంది. బెల్లం ఇంకాస్త వేసివుండాల్సింది అంది.

"డాక్టర్లకి తక్కువే వేస్తాం. మీరు మాకు చేదివ్వడంలేదూ!" అంది వార్సిని.

ఫొటో ప్రతి ఒకటి అడిగి తెచ్చుకుంది. సోలోలో దిగిన మర్నాడే కాపలాగుడిసె దగ్గర అందరికీ చూపించింది. చుక్క చూపించి, ముసుగు తన్నడం సంగతి, పొయ్యి సంగతి అంతా చెప్పింది. ఆడవాళ్ళు ఫొటోను చేతులు మార్చుకున్నారు. అయ్యో అన్నారు, తలలోనా అన్నారు. హార్తిని ఫొటోను ఎక్కువసేపు చూసి, ఎంతో మృదువుగా, పొడి ఎక్కువైతే తలకి కూడా ఎక్కుతుందన్నమాట, పాపం అంది. మిగిలినవాళ్ళ తలలు మెల్లిగా అటే ఊగాయి.

వార్సిని ఫొటోను లాక్కోలేదు. మడవకుండా జాగ్రత్తగా తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఫొటో డాక్టర్లకి పనికొస్తుంది, వీధి తనకు కావలసిన బొమ్మనే చూస్తుంది అని ఆ రోజే ఆమెకు తెలిసిపోయింది.

సర్జన్‌కి మాత్రం ఫొటో పనికొచ్చింది. ఇప్పుడతను చేతులు కట్టుకోలేదు. ముక్కులోంచి వెళ్ళి, చుక్క వెలిగినచోట, ఎడమవైపు, మెంతిగింజకన్నా చిన్న గడ్డను తీశాడు. రెండోనాటి రక్తంలో ఆజ్ఞ దాదాపు లేకుండా పోయింది. దర్మోజో వచ్చి మంచం పక్కన కూర్చుని, గెలిచాం అన్నాడు. కానీ ఆయన లేవలేదు. ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు దుప్పటి అంచు సర్దాడు.

ఇన్నాళ్ళూ ఆ గడ్డ ఒక్కటే అరుస్తూంటే మిగతా గ్రంథి నోరు మూసుకుని నిద్రపోయిందనీ, దాన్ని లేపడానికి నెలలు పడుతుందనీ, కొందరికి ఏడాది కూడా పట్టొచ్చనీ చెప్పాడు. అది లేచేదాకా ఒంటికి కావలసినదాన్ని మాత్రగా మింగాలి. పొద్దున ఒకటి, మళ్ళీ మధ్యాహ్నం దాటాక ఒకటి. మానేస్తే ప్రాణానికే ముప్పు.

"ఏం మాత్ర అది?"

దర్మోజో తడబడ్డాడు. "హైడ్రోకార్టిసోన్. అదీ... స్టెరాయిడే."

వార్సిని ముక్కు నిండా దూది ఉంది. నవ్వితే తలంతా నొప్పెట్టింది. అయినా నవ్వు ఆగలేదు. జీవితంలో ఒక్క రేణువు ఒంట్లోకి పోనివ్వలేదని ఊరంతా వాదించి, పోలేదని రుజువు చేసుకోవడానికి తల కోయించుకుని, చివరికి ఆ జాతి మందునే రోజూ మింగి బతకాలి.

ముఖం దిగడానికి నెలలు పట్టింది. ముందు బుగ్గల ఎరుపు పోయింది, తరువాత మూపురం కరిగింది, గోడ పట్టుకోకుండా లేవగలిగింది. బుట్టలో సీసాలు ఒక్కొక్కటే పెరిగాయి. వీధి చూసింది, సంతోషించింది కూడా. చూశారా, పొడి మానేసింది, ముఖం దిగిపోయింది అనుకున్నారు. ఉబ్బిన ముఖం నేరానికి సాక్ష్యమైతే, తగ్గిన ముఖం ఒప్పుకోలుకి సాక్ష్యమైంది. హార్తిని పెద్దమనసుతో క్షమించేసింది. మనిషన్నాక తప్పు చేస్తుంది, మానుకుంది కదా, మళ్ళీ తాగుదాం అని నలుగురికీ చెప్పింది. ఆమె మాట మీద గ్లాసులు మళ్ళీ ముందుకొచ్చాయి.

ఆ సంగతి తెలిసి తుకిరాన్ ఊపిరి పీల్చుకున్నాడు. బేరం తిరిగొచ్చింది, ఇంకేం కావాలి? అతని భయమల్లా మధ్యాహ్నం దాటాక మింగాల్సిన రెండో మాత్రే. ఆ వేళకు వార్సిని కాపలాగుడిసె దగ్గర బుట్ట దించి ఉంటుంది. పదిమందీ చూస్తారు.

"మసీదు వెనక కుళాయి దగ్గరకెళ్ళి మింగెయ్యి బునే. ఎవరు చూడొచ్చారు? క్షమించారు కదా, ఇంక కెలక్కు."

"క్షమించడానికి నేనేం చేశాను పాక్నే?"

"చేయలేదు. నాకు తెలుసు."

"నీకు తెలిస్తే చాలదు. చాటుకెళ్ళి మింగితే అప్పుడు నిజంగా తప్పు చేసినదాన్నవుతాను. వాళ్ళ క్షమాపణతో నా జమూ అమ్మను. నా మాటతో అమ్ముతాను, లేకపోతే లేదు."

తుకిరాన్ ఆ రోజు బేరాలు వదులుకుని రిక్షా గుడిసె పక్కనే ఆపుకుని కూర్చున్నాడు. ఆపడానికి కాదు. ఆమె ఒక్కతీ నిలబడకూడదని.

పొద్దు వాలే వేళ నమాజుకి మసీదులో అసర్ అజాన్ మొదలైంది. ఆడవాళ్ళు గట్టుమీద కూర్చుని ఉన్నారు. ఒకామె పిల్లకి పేలు చూస్తోంది. జుమాది అనే ముసలి రిక్షావాడు మోకాళ్ళు ఒత్తుకుంటున్నాడు. హార్తిని తన గ్లాసు తనే కడిగి చాపింది. వార్సిని ఆ గ్లాసులో ఏమీ పోయలేదు. జాకెట్టులోంచి చిన్న పొట్లం తీసి, మాత్ర అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి హార్తిని ముందుకు చాపింది.

"ఇది ఏంటో తెలుసా బూ? హైడ్రోకార్టిసోన్. నా సీసాలో ఉందన్నారే, ఆ పొడికి ఇది దాయాది. దీన్ని చూడండి, ముట్టుకుని చూడండి. నా జన్మలో నా ఒంట్లోకి పోయిన స్టెరాయిడ్ ఇదొక్కటే, నా తలలో గడ్డ తీశాక డాక్టరు ఇచ్చింది. అప్పుడు నాకు పొడి లేదు, ముఖం ఉబ్బింది. ఇప్పుడు మందు మింగుతున్నాను, ముఖం దిగింది. మీ లెక్క ఎలా సరిపోతుందో మీరే చూసుకోండి."

పేలు చూస్తున్న చేతులు ఆగిపోయాయి. హార్తిని ఆ మాత్రను చూసింది, ముట్టుకోలేదు. గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

వార్సిని మాత్ర నోట్లో వేసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న మంచినీళ్ళతో మింగింది. సీసాల జోలికి పోలేదు.

"అది నా ఒంటికి. ఈ సీసాలు మీకు. ఆ రెండూ ఎప్పుడూ కలవలేదు, కలవవు. మీరు నన్ను క్షమించారట. నేనెవర్నీ క్షమించమని అడగలేదు, తీసేసుకోండి వెనక్కి. మానేసిందని తాగేవాళ్ళు తాగొద్దు. కలపలేదని నమ్మేవాళ్ళు తాగండి."

తుకిరాన్ రిక్షా దిగి నిలబడ్డాడు. జుమాది ఎవరివైపూ చూడకుండా, ఆ నత్తనడకది ఒక గ్లాసు పొయ్యి యూ, మోకాళ్ళు లాగేస్తున్నాయి అన్నాడు. ఆమె అతనికి నిండుగా పోసింది. పిల్లకి పేలు చూస్తున్నామె కాసేపు తటపటాయించి పసుపు-చింతపండు అడిగింది. మిగతావాళ్ళు హార్తిని వంక చూశారు. హార్తిని గ్లాసును మెల్లిగా ఒళ్ళోకి దించుకుంది, బోర్లించింది. ఆ రోజు ఆమె తాగలేదు. వార్సిని బతిమాలలేదు.

"రేపూ ఈ వేళకి ఇక్కడే మింగుతాను" అంది బుట్ట ఎత్తుకుంటూ. "ఎల్లుండీ ఇక్కడే. సందేహం ఉన్నవాళ్ళు ముందుగా వచ్చి చోటు పట్టుకోండి."

గుడ్డను రొమ్ముకడ్డంగా బిగించి ముడివేసి ఆమె వీధిలోకి నడిచింది. హార్తిని ఇల్లు ముందుగా వస్తుంది. ఆ గుమ్మం ముందు ఎప్పుడూ గొంతు తగ్గించి వెళ్ళే మనిషి, ఆ రోజు అక్కడే ఆగి, లోపలి పెరటిదాకా వినబడేట్టు, జమూ అని కేకేసింది.